ఇంటర్వ్యూ గదిలో రెండో కుర్చీ

ఓబర్‌షాట్,
సెప్టెంబర్ 3, 2018.

ఓబర్‌షాట్ గ్రామ కార్యదర్శి, ప్రభువునందు ప్రియ సహోదరి హెడ్విగ్ గిస్లర్ గారికి,

చీజ్ గోదాములో పనిచేసే ఓక్బాయ్ మెహారి మీకు కృపయు సమాధానమును కోరి రాయునది.

ఇక మీదట నాతో ఏ వ్యవహారమైనా ఉత్తరాల్లోనే జరపాలని, నేను కౌంటరు దగ్గరికి రాకూడదని గ్రామసభ తీర్మానించినట్టు మీ చీటీ అందింది. మొన్న బుధవారం మీ కౌంటరు అద్దం ముందు నిలబడి యాభై ఐదు నిమిషాలు వాక్యం చెప్పానని అందులో రాశారు. అది పొరపాటు. వాక్యం నలభై నిమిషాలే. మిగతా పదిహేను నిమిషాలూ ప్రార్థన. అయినా పౌలు భక్తుడంతటివాడే చెరసాలలో కూర్చుని ఉత్తరాలతో సంఘాలను నడిపాడు కనుక నాకు ఏ చిన్నతనమూ లేదు.

ఈ దేశంలో పౌరసత్వం ముందు ఊరే ఇవ్వాలి కనుక, మీ ఊరికి ఇది నా మూడో దరఖాస్తు. మొదటిసారి ఊరి మూడు పచ్చిక బయళ్ళ పేర్లు చెప్పలేదని తిప్పి పంపారు. రెండోసారి, ఆదివారం నాడు మా బిల్డింగు బట్టలుతికే గదిలో కూటం పెట్టి చప్పుడు చేశానని తిప్పి పంపారు. ఇప్పుడు బయళ్ళ పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కూటం గోదాములోకి మార్చాను. నాలుగు వందల చీజ్ చక్రాలకు ఉప్పునీళ్ళు రుద్దుతూ వాటికే వాక్యం చెబుతున్నాను. ఒక్క చక్రమూ ఇంతవరకు ఫిర్యాదు చెయ్యలేదు.

ఈసారి ఎందుకింత పట్టుబడుతున్నానో మీకు తెలియాలి. నా భార్య లెమ్లెమ్ పందొమ్మిదేళ్ళుగా మీ శ్మశానంలో నిద్రిస్తున్నది. ఇరవై ఏళ్ళు నిండగానే బయటివాళ్ళ సమాధులు తవ్వి చోటు ఖాళీ చేస్తారు. ఊరి పౌరులవీ, వాళ్ళ భార్యాభర్తలవీ అయితే ఎన్నటికీ కదపరు. ఫిబ్రవరి 28తో ఇరవై నిండుతాయి. అబ్రహాము పరాయి ఊళ్ళో నిలబడి, నేను మీ మధ్య పరదేశిని, నా భార్యను పాతిపెట్టుకోవడానికి చోటివ్వండని అడిగాడు. నాకు చోటు ఇచ్చారు, సహోదరీ. దాన్ని వెనక్కి తీసుకోకండని మాత్రమే నేను అడుగుతున్నాను.

నలభై ఒక్క గడులూ నింపి ఫారం జతచేశాను. పుట్టిన దేశం ఎరిత్రియా. పదిహేడో గడిలో, ‘ఇంకెక్కడైనా పౌరసత్వం ఉందా’ అన్నచోట, దాచకుండా నిజమే రాశాను. ఉంది. పరలోకం.

ప్రభువు తోటలో కూలివాడు,
ఓక్బాయ్ మెహారి.

తా.క.: ఉత్తరం పదకొండు పేజీలు అయింది. మొదటి పేజీ దరఖాస్తు. మిగతా పది మీ ఆత్మ నిమిత్తం.

*

ఓబర్‌షాట్ గ్రామ కార్యాలయం,
సెప్టెంబర్ 12, 2018.

గౌరవనీయులైన శ్రీ మెహారి గారికి,

మీ దరఖాస్తు అందినది. మొదట ఒక సవరణ. నేను మీ సహోదరిని కాను. గ్రామ కార్యదర్శిని.

పదిహేడో గడిలో మీరు రాసిన దేశం మా జాబితాలో లేదు. పనామాకూ పరాగ్వేకూ మధ్య రెండుసార్లు వెతికాను. గడి అసంపూర్తిగా ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు కనుక ఈ వివరాలు తెలియజేయండి. ఆ పౌరసత్వం మీకు పుట్టుకతో వచ్చిందా, దరఖాస్తుతో వచ్చిందా? ఎప్పుడు, ఏ అధికారి ఇచ్చారు? ఆ దేశంలో సైన్యసేవ చేశారా? ఆ దేశం తన పౌరులను ఇంకో దేశపు పౌరసత్వం తీసుకోనిస్తుందా? మీ కుటుంబంలో ఎవరైనా ప్రస్తుతం అక్కడ నివసిస్తున్నారా?

చివరి పది పేజీలు ఫైలుకు సంబంధించినవి కావు కనుక తిప్పి పంపుతున్నాను.

గౌరవంతో,
హెడ్విగ్ గిస్లర్, కార్యదర్శి.

తా.క.: అక్కడ మీకు శాశ్వత చిరునామా ఉంటే అది కూడా రాయండి.

*

ఓబర్‌షాట్,
సెప్టెంబర్ 16, 2018.

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన సహోదరి గిస్లర్ గారికి,

మీ ఉత్తరం చదివి గోదాములో చక్రాల మధ్య మోకాళ్ళ మీద పడ్డాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ లోయలో ఒక్కరైనా ఈ ప్రశ్నలు అడుగుతారని కనిపెట్టుకుని ఉన్నాను. చివరికి అడిగింది ప్రభుత్వం.

సంతోషంగా జవాబిస్తున్నాను. పుట్టుకతోనే వచ్చింది, కాకపోతే రెండో పుట్టుకతో. మా ఊరి కొండవాగులో మెడలోతు నీళ్ళలో నిలబడి, పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో పుట్టాను. ఇచ్చిన అధికారి పేరు మీకు తెలుసు. ఆయనకు పైన ఇంకో అధికారి లేడు. సైన్యసేవ రోజూ చేస్తున్నాను, సెలవు లేదు. ఇంకో దేశానికి చెందాల్సినవి ఆ దేశానికి చెల్లించమని ఆయనే చెప్పాడు కనుక రెండు పౌరసత్వాలకూ అడ్డులేదు. కుటుంబంలో ఒకరు అక్కడ నివసిస్తున్నారు. నా భార్య లెమ్లెమ్, 1999 ఫిబ్రవరి 28 నుంచి.

చిరునామా అడిగారు. ఇల్లు సిద్ధమవుతోంది. నంబరు ఇంకా ఇవ్వలేదు.

మీరు తిప్పి పంపిన పది పేజీలనూ మళ్ళీ జతచేస్తున్నాను. తొందరలో చదవకుండా పంపినట్టున్నారు.

మీ రక్షణ కోసం ఉపవాసమున్న,
ఓక్బాయ్ మెహారి.

తా.క.: ఇలాంటి సంగతులు అడగడానికి కార్యాలయం పేరు అడ్డు పెట్టుకోనక్కరలేదు, సహోదరీ. ప్రభువును ఈ సంగతులే అడగడానికి నీకొదేము అనే అధికారి అయితే చీకట్లో దాక్కుని వచ్చాడు. మీరు రిజిస్టరు పోస్టులో వచ్చారు.

*

ఓబర్‌షాట్ గ్రామ కార్యాలయం,
అక్టోబర్ 4, 2018.

గౌరవనీయులైన శ్రీ మెహారి గారికి,

నేను రక్షణ గురించి అడగలేదు. పదిహేడో గడి గురించి అడిగాను.

మీ జవాబులను కంప్యూటరులో నమోదు చేశాను. ‘ఇతర దేశం’ అని కొట్టగానే అక్కడ భార్య నివాసం ఉందా అని అడిగింది. ఉంది అని కొట్టాను. ఎప్పటి నుంచి అంటే మీరిచ్చిన తేదీ వేశాను. ఆ తేదీని అది శ్మశాన రిజిస్టరులోని తేదీతో పోల్చుకుని, భార్యాభర్తలిద్దరినీ ఒకే చిరునామా కింద చేర్చింది. ఇలా చేర్చడం నేను ఇదివరకు చూడలేదు. కానీ ఎర్రగీత ఏదీ రాలేదు కనుక దరఖాస్తు సక్రమమే.

ఫైలు సంబంధిత కమిటీకి వెళ్ళినట్టు తెర మీద పడింది. ఏ కమిటీ అన్నది పడలేదు. ఇంటర్వ్యూ తేదీ వారే తెలియజేస్తారు.

గౌరవంతో,
హెడ్విగ్ గిస్లర్, కార్యదర్శి.

తా.క.: శ్మశాన విభాగం నుంచి మీ పేర ఏదైనా వస్తే పట్టించుకోకండి. అది కంప్యూటరు పంపేది.

*

ఓబర్‌షాట్,
అక్టోబర్ 25, 2018.

ప్రియ సహోదరి గిస్లర్ గారికి,

మంగళవారం పొద్దున పది గంటలకు గుడి గంట మోగింది, ఊళ్ళో ఎవరో పోయినప్పుడు మోగినట్టు. నేను చక్రాలు రుద్దుతున్నవాడిని టోపీ తీసి, ఆ వెళ్ళిన ఆత్మ కోసం ప్రార్థించాను. ఎంతో ఆర్తితో ప్రార్థించాను, కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి. తర్వాత మా మేస్త్రీ సెప్‌ను ఎవరు పోయారని అడిగాను. ఆయన నా వైపు వేలు చూపి, “నువ్వే” అన్నాడు.

నోటీసు బోర్డు దగ్గరికి పరుగెత్తాను. నల్ల అంచు కాగితం మీద నా పేరు, లెమ్లెమ్ పేరు, కింద ఒకే చిరునామా.

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. రొట్టెల కొట్టు ఆవిడ నన్ను చూసి, “మెహారి గారూ, మీరు పోయారట కదా” అంది. పోలేదమ్మా, రొట్టె కోసం వచ్చానన్నాను. “బోర్డు మీద పెట్టారు మరి” అని, రొట్టె నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. మా పక్కింటివాళ్ళు నా తలుపుకు పూలచక్రం తగిలించి, నేను తలుపు తీస్తే నాతోనే సానుభూతి చెప్పి వెళ్ళారు. బట్టలుతికే గదిలో నా బుధవారం వంతు పై అంతస్తువాళ్ళకు ఇచ్చేశారు. నేను గట్టిగా మాట్లాడినా ఎవరూ మందలించడం లేదు. అన్నిటికన్నా అదే నాకు భయంగా ఉంది.

లాజరు సమాధిలోంచి నాలుగో రోజు లేచొచ్చాక ఏ కార్యాలయానికి వెళ్ళి పేరు సరిచేయించుకున్నాడో ఎక్కడా రాసి లేదు. మీకు తెలిస్తే చెప్పండి.

ఇంకా శరీరంలోనే ఉన్న,
ఓక్బాయ్ మెహారి.

తా.క.: గంట మోగిన రోజు నుంచీ ఊళ్ళో కొత్త ముఖాలు కనిపిస్తున్నాయి. పాతకాలపు ముతక కోట్లు, మేకుల బూట్లు. అందరూ నన్ను పేరు పెట్టి పలకరించి టోపీ ఎత్తుతున్నారు. ఈ ఊరివాళ్ళు ఇంత మర్యాదగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. టూరిస్టులు అయి ఉంటారు.

*

ఓబర్‌షాట్ గ్రామ కార్యాలయం,
నవంబర్ 2, 2018.

గౌరవనీయులైన శ్రీ మెహారి గారికి,

జరిగినదానికి కార్యాలయం విచారిస్తున్నది. నమోదు సరిచేయాలంటే మీరు స్వయంగా కౌంటరుకు వచ్చి, బతికి ఉన్నట్టు చూపించాలి. తీర్మానం ప్రకారం మీరు కౌంటరుకు రాకూడదు. రెండు నిబంధనలూ అమల్లో ఉన్నాయి. గ్రామసభ మళ్ళీ జనవరిలో కూర్చుంటుంది. అంతవరకు ఓపిక పట్టండి. నమోదు సరయ్యేదాకా ఇంటర్వ్యూ జరగదు.

గౌరవంతో,
హెడ్విగ్ గిస్లర్, కార్యదర్శి.

తా.క.: ఈ నెలల్లో మన ఊరికి టూరిస్టులు రారు.

*

ఓబర్‌షాట్,
నవంబర్ 12, 2018.

ప్రియ సహోదరి గిస్లర్ గారికి,

జరగదన్న ఇంటర్వ్యూను పది రోజుల్లోనే జరిపించారు. మీ కష్టానికి తగిన ప్రతిఫలం పైన రాయబడి ఉంటుంది.

మీరు పంపిన పిలుపు తలుపు కింద నుంచి వచ్చింది. గోధుమరంగు కాగితం, ముత్యాల్లాంటి చేతిరాత, ఎర్ర లక్క ముద్ర. నవంబర్ 11, మధ్యాహ్నం రెండు గంటలు, పాత బడి మేడగది. ఆదివారం నాడు మేకు కూడా కొట్టనివ్వని ఊరు ఇంటర్వ్యూ ఎలా పెట్టిందా అనుకున్నాను. సూర్యుడు ఊరి నుంచి సెలవు తీసుకునే రోజు కదా, అందరూ వాకిళ్ళలో నిలబడి కొండ వెనక్కి పోతున్న ఎండను చూస్తున్నారు. ఇక ఫిబ్రవరి రెండు దాకా ఈ లోయలో ఎండ పడదు. ఆఖరి వెలుగు కొండ చాటుకు పోయింది, నేను మేడమెట్లు ఎక్కాను. పదిహేడు మెట్లు.

బల్ల వెనక ముగ్గురున్నారు. గడ్డపు పెద్దాయన ఆంబ్రోస్ అట, పైపు నోట్లో ఉంది కానీ వెలిగించలేదు. అల్లిక చేతిలో పెట్టుకున్న ముసలావిడ క్రెసెంజ్. మూడో ఆయన పేరు మెల్కియోర్. ఆయన భుజాల మీదా బూట్ల మీదా మంచు ఉంది. ఇంటర్వ్యూ అయ్యేదాకా అది కరగలేదు. పొయ్యి ఎర్రగా మండుతూనే ఉంది.

నాకెదురుగా రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదానిలో కూర్చున్నాను. రెండోది ఎవరికని అడిగితే ఆంబ్రోస్ గారు, “కూర్చున్నారు కదా” అన్నారు. కూర్చున్నానని నేనూ అన్నాను.

సహోదరీ, మీ కమిటీ పద్ధతి నాకు అర్థం కాలేదు. మూడు పచ్చిక బయళ్ళ పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఒక్కరూ కలం ఎత్తలేదు. ఊళ్ళో నిశ్శబ్దం పాటిస్తారా అని అడిగారు. నిశ్శబ్దం మీద ఇరవై నిమిషాలు చెప్పాను. కలాలు కదలలేదు. ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అప్పుడు ముగ్గురూ గబగబా రాసుకున్నారు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆపేశారు. ప్రతి ప్రశ్నకూ అంతే. నేను నోరు మూసుకున్నప్పుడే రాస్తున్నారు. ఒకసారి నేనేమీ అనకుండానే క్రెసెంజ్ గారు అల్లిక ఒళ్ళో పడేసి నవ్వారు. నా ముఖం మీద ఏదైనా అంటుకుందేమోనని తుడుచుకున్నాను.

చివరికి మెల్కియోర్ గారు పుస్తకం మూసి, “ఇక చాలు. పందొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషే” అన్నారు. ఇరవై తొమ్మిదండీ అని సవరించాను. ఆయన నా వైపు చూడలేదు.

ఫలితం ఎప్పుడో తెలియజేయగలరు. గడువు మీకు గుర్తుంది.

ఆశతో,
ఓక్బాయ్ మెహారి.

తా.క.: ఇంటర్వ్యూలో మొక్కజొన్న పేలాలు పెడతారని ఎవరూ చెప్పలేదు. మా దేశంలో కాఫీతో అవే పెడతాం, మీ ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు. కాఫీ కూడా పిడి లేని చిన్న కప్పులో, మాలాగే. కానీ ఒక్క కప్పే పోశారు, అదీ బాగా పల్చన. మా ఇంట్లో మూడోసారి కాచినది అలా ఉంటుంది.

*

ఓబర్‌షాట్ గ్రామ కార్యాలయం,
నవంబర్ 20, 2018.

గౌరవనీయులైన శ్రీ మెహారి గారికి,

కార్యాలయం మీకు ఏ పిలుపూ పంపలేదు. లక్క ముద్ర 1950ల తర్వాత వాడలేదు.

పాత బడికి మేడగది లేదు. 1951 జనవరిలో కొండ మీది నుంచి మంచు విరిగిపడి ఆ అంతస్తును తీసుకుపోయింది. అప్పుడు పైన పౌరసత్వ కమిటీ సమావేశం జరుగుతోంది. తర్వాత దాన్ని కట్టలేదు. మెట్లు ఏడు. ఆ పైన ఆకాశం. మీ ఉత్తరం అందాక నేను వెళ్ళి లెక్కపెట్టాను.

మీరు రాసిన ముగ్గురూ శ్మశానంలో ఊరి పౌరుల వరుసలో, గోడ పక్కన ఉన్నారు. ఆంబ్రోస్ ఫుర్రర్, క్రెసెంజ్ వాల్కర్, మెల్కియోర్ గిస్లర్. మూడో ఆయన మా తాతగారు. బూట్ల మీద మంచు కరగలేదని రాశారు. ఆయన దొరికింది ఏప్రిల్‌లో.

ఈ ఉత్తరాన్ని ఏ ఫైలులో పెట్టాలో నాకు తెలియడం లేదు.

హెడ్విగ్ గిస్లర్, కార్యదర్శి.

తా.క.: ఆయన ఆరోగ్యంగా ఉన్నారా?

*

ఓబర్‌షాట్,
నవంబర్ 26, 2018.

సహోదరి గిస్లర్ గారికి,

మీ ఉత్తరం చదివి మూడు రోజులు ఉపవాసమున్నాను. చచ్చినవాళ్ళను సంప్రదించవద్దని నలభై ఏళ్ళుగా ప్రకటిస్తున్నవాణ్ణి నేను. సౌలు రాజు కర్ణపిశాచి గల స్త్రీ ఇంటికి వెళ్ళి ఏమైపోయాడో చక్రాలకు సైతం చెప్పాను. అలాంటివాణ్ణి వాళ్ళ ఎదుట కూర్చుని పేలాలు తిన్నాను. నేను వెతుక్కుంటూ వెళ్ళలేదు, ముద్ర వేసి పిలిచారు అని ప్రభువుతో వాదించి చూశాను. ఆయన ఏమీ అనలేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన కూడా కలం ఎత్తడేమో.

ఆ కాఫీ సంగతి నన్ను పట్టుకుంది. మా దగ్గర కాఫీ మూడుసార్లు కాచి పోస్తారు. మూడోది ఆశీర్వాదం. అది తాగకుండా లేవకూడదు. లెమ్లెమ్ పోయిన రోజు రెండోది నా చేతికిచ్చి, మూడోది పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను ఆ వేళ నలుగురు విశ్వాసులకు వాక్యం చెబుతున్నాను. బిగ్గరగా చెబుతున్నాను. ఆమె పడిపోయిన చప్పుడు నేను వినలేదు. నా నోరే అడ్డం వచ్చింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ రాయలేదు.

చచ్చినవాళ్ళు ఇప్పించే పౌరసత్వం నాకు తగదు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటే అడుగుతున్నాను. ఫిబ్రవరిలో ఆమె చోటు తవ్వేటప్పుడు యంత్రం పెట్టకండి. పార నాకివ్వండి. శబ్దం లేకుండా తవ్వుతాను.

ఓక్బాయ్ మెహారి.

తా.క.: మీ తాతగారు బాగున్నారు. దగ్గు లేదు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఒక మాట అన్నారు. ఎవరికో చెప్పమన్నారనుకుని మరిచిపోయాను. “మా పిల్లను సాయంత్రం పూట త్వరగా ఇంటికి పొమ్మను. ముద్ర ఎక్కడికీ పోదు” అన్నారు.

*

ఓబర్‌షాట్,
ఫిబ్రవరి 2, 2019.

ప్రియమైన మెహారి గారికి,

ఇవాళ శనివారం, కార్యాలయానికి సెలవు. ఇది ఇంట్లో కూర్చుని నా సొంత కలంతో రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి. మీ తా.క. చదివాక కొన్ని రోజులు పనికి వెళ్ళలేదు. మా ఇంట్లో నన్ను ‘మా పిల్ల’ అని పిలిచినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

దరఖాస్తు వెనక్కి తీసుకోవడం వీలుపడదు. అప్పటికే నిర్ణయం అయిపోయింది.

డిసెంబరులో నేలమాళిగలోకి దిగి, కమిటీ పాత మినిట్స్ పుస్తకం తీశాను. 1951లో మంచులోంచి తవ్వి తీసిన పుస్తకమే. చివరి పేజీలో మా తాతగారి చేతిరాత సగం వాక్యంలో ఆగి ఉంటుంది, నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇప్పుడు ఆ వాక్యం పూర్తయి ఉంది. ఆ తర్వాత ఇంకో నాలుగు పేజీలు నిండి ఉన్నాయి. నవంబర్ 11, 2018. మూడు సంతకాలు. వేలు పెట్టి చూశాను. సిరా ఆరలేదు.

జనవరిలో గ్రామసభ ముందు పెట్టాను. సభ్యులు ఏడుగురూ రెండు గంటలు కూర్చున్నారు. ఆ ముగ్గురినీ కమిటీ నుంచి తప్పించినట్టు ఎక్కడా తీర్మానం లేదు. 1951 సమావేశం ముగిసినట్టు కూడా ఎవరూ రాయలేదు. ముగియని సమావేశం నడుస్తున్నట్టే లెక్క. అధ్యక్షుడు నిబంధనల పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చదివి, ముఖం తుడుచుకుని, “చెల్లుతుంది” అన్నాడు. కౌంటరు తీర్మానం సంగతి ఎత్తే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

కానీ మెహారి గారూ, మీరు ఒకటి పొరపాటు పడ్డారు. ఆ రోజు ఇంటర్వ్యూ మీకు కాదు. మినిట్స్‌లో దరఖాస్తుదారు పేరు శ్రీమతి లెమ్లెమ్. మీ పేరు ‘వెంట వచ్చినవారు’ అన్నచోట ఉంది. ఆమె చెప్పినవి ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

ఊరి భాష వచ్చా అని అడిగారు. “వినడం వచ్చు. మేముండే చోట మాట్లాడే అవసరం తక్కువ.”

ఇరుగుపొరుగుతో ఎలా ఉంటారన్నారు. “కుడివైపు ఆవిడకు నిద్ర ఎక్కువ. ఎడమవైపు ఆయన వానపడితే విసుక్కుంటాడు. ఇద్దరితోనూ మాటపట్టింపు లేదు.”

ఊరు వదిలి బయట ఎన్నాళ్ళున్నారన్నారు. “ఒక్క పూట కూడా లేను.”

ఆదివారాలు ఏం చేస్తారన్నారు. “మా ఆయన వచ్చి వాక్యం చెబుతారు. పై వరుసలో ఇద్దరు దానికోసమే మేలుకుని ఉంటారు. మిగతావాళ్ళు ఆపమంటారు.” ఇక్కడ మార్జిన్‌లో ‘క్రెసెంజ్ నవ్వింది’ అని రాసి ఉంది.

భర్త గురించి చెప్పాల్సిందేమైనా ఉందా అన్నారు. “ఆ రోజు వినలేదని ఆయన బాధపడుతున్నారు. నేను పిలవలేదు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి చెబుతారు, వచ్చినవాళ్ళు భోజనానికి వెళ్ళాలి. మూడోది మిగిలిపోయింది. ఇవాళ పోశాను. పల్చగా ఉందని అనుకుంటున్నారు, నాకు తెలుస్తోంది.”

ముగ్గురూ ఒప్పుకున్నారు. ఊళ్ళో ఇంత బాగా కలిసిపోయిన పరదేశిని చూడలేదని రాశారు. శ్రీమతి లెమ్లెమ్ నవంబర్ 11 నుంచి ఓబర్‌షాట్ పౌరురాలు. ఆమె సమాధిని ఎవరూ కదపరు. పార మీకు అక్కరలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఎండ తిరిగి వచ్చింది కదా. మీరు గోదాము గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డారు, మా కిటికీలోంచి చూశాను. మీ వెనక గోడ మీద నీడ పడింది, పొడుగ్గా, స్పష్టంగా. నేను కళ్ళారా చూశానని కాగితం మీద రాసి, వెళ్ళి ముద్ర తెచ్చి వేశాను. సోమవారం పొద్దున మీరు మళ్ళీ బతికి ఉంటారు. బుధవారం బట్టల గది మీదే.

మీ సహోదరి,
హెడ్విగ్.

తా.క.: ఆ పది పేజీలు ఇంకోసారి పంపండి. నా దగ్గరున్నవి తిప్పి పంపేశాను.

ఇంకో తా.క.: ఊరి పౌరురాలి భర్త కనుక మీకు ఇప్పుడు సులభ పద్ధతి వర్తిస్తుంది. ఫారం జతచేశాను, తొమ్మిది గడులే. ఆరో గడిలో ‘భార్యాభర్తలు కలిసి నివసిస్తున్నారా’ అని ఉంటుంది. దయచేసి అక్కడ వాక్యాలేమీ రాయకండి. ‘ఇంకా లేదు’ అని రాయండి, చాలు.